మాసిపోయిన పాత ప్రపంచ పటాన్ని చదవడం ఎలా: ఒక ల్యాప్‌టాప్, ఒక టార్చి, బోలెడు ఓపిక

అమెరికాలో యేల్ యూనివర్సిటీకి చెందిన బైనెకీ లైబ్రరీలో గోడంత ప్రపంచ పటం ఒకటుంది. వెడల్పు దాదాపు రెండు మీటర్లు, ఎత్తు 1.2 మీటర్లు. 1491 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో ఉన్న హెన్రికస్ మార్టెల్లస్ అనే జర్మన్ దాన్ని గీశాడు, అంటే కొలంబస్ ఓడెక్కడానికి కాస్త ముందన్నమాట. పటం 1962 నుంచి యేల్ దగ్గరే ఉంది కానీ దాని మీద రాతలన్నీ వెలిసిపోయి, వెలిసిన లుంగీ మీద డిజైన్ ఎంత కనిపిస్తుందో అంతే కనిపించేవి. 2014లో చెట్ వాన్ డ్యూజర్ అనే పటాల చరిత్రకారుడు, ఇంకో నలుగురు కలిసి ఆ పటాన్ని అతినీలలోహితం నుంచి పరారుణం దాకా 12 రకాల వెలుతురులో ముక్కలు ముక్కలుగా వందల ఫొటోలు తీశారు. వాటిని కంప్యూటర్లో కలిపి, విడదీసి, మళ్లీ కలిపితే 500 ఏళ్ల నాటి లాటిన్ వాక్యాలు బయటికొచ్చాయి.

ఏం బయటికొచ్చిందో ఒకటి చెప్తాను. ఆసియాలో ఒకచోట, చెవులు ఎంత పెద్దవంటే రాత్రి వాటినే కప్పుకుని పడుకునే మనుషులు ఉంటారని రాసి ఉంది. యూరప్ వాళ్లు వీళ్లని పానోటీ అంటారు. ఈ సంగతి మనకు కొత్తేం కాదు, భారతం సభాపర్వంలో సహదేవుడి దిగ్విజయంలో కర్ణప్రావరణులు వస్తారు, వాళ్లే వీళ్లు. గ్రీకు రాయబారి మెగస్తనీసు మన దేశంలో విని రాసుకున్న కబురు పుస్తకం నుంచి పుస్తకానికి నడిచి నడిచి ఫ్లోరెన్స్ దాకా వెళ్లింది.

ఇంత పని ఇంట్లో చేయలేం, అది నిజమే. కానీ అందులో చిన్న ముక్క చేయొచ్చు. నేను రెండేళ్లుగా వీకెండ్లలో చేస్తున్నాను, ఖర్చు టార్చికి తప్ప ఇంకెక్కడా పెద్దగా అవ్వలేదు. ఎలాగో వరసగా చెప్తాను.

ముందు సూత్రం, రెండు నిమిషాల్లో

యూరప్‌లో పాత రాతలకి ఎక్కువగా వాడింది మాచికాయ కషాయంలో అన్నభేది కలిపిన సిరా. ఇందులో ఇనుము ఉంటుంది. ఇది అతినీలలోహిత కాంతిని పీల్చేసుకుంటుంది. ఆ రోజుల్లో కాగితంలా వాడిన చర్మపు పత్రం మాత్రం ఆ కాంతిలో మెల్లగా నీలంగా వెలుగుతుంది. అంటే వెలిగే గోడ మీద నల్లటి అక్షరం. మామూలు కంటికి లేత గోధుమరంగు మరకలా ఉన్నది కూడా అక్కడ తేలుతుంది. అదే సిరా పరారుణం వైపు వెళ్లేకొద్దీ పలచబడి చివరికి మాయమైపోతుంది. మసితో చేసిన సిరా అలా కాదు, పరారుణంలో కూడా నల్లగానే నిలబడుతుంది. మన తాటాకుల మీద గంటంతో గీసి మసి రుద్దేవాళ్లు కదా, ఆ మసి ఈ రెండో రకం. ఒక్క ఈ తేడా చాలు, ఇద్దరు వేర్వేరు సిరాలతో రాసింది ఒకదానిమీద ఒకటి పడ్డచోట విడదీయడానికి.

రంగులు కూడా అంతే, ఒక్కో రంగు ఒక్కో కాంతిలో దాక్కుంటుంది, ఒక్కో కాంతిలో దొరికిపోతుంది. మిగతాదంతా ఈ దొంగాటే.

మొదటి పని: పటం ఎంచుకోవడం, సరిగ్గా దించుకోవడం

మార్టెల్లస్ పటాన్ని మొదట చూడండి కానీ పని దానితో మొదలుపెట్టకండి. బైనెకీ డిజిటల్ సేకరణలో మామూలు ఫొటో, శుద్ధిచేసిన బొమ్మలు చూడొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక పావుగంట చూస్తే మన టార్గెట్ ఏంటో అర్థమవుతుంది.

పనికి మాత్రం 1375 నాటి కాటలాన్ అట్లాస్ తీసుకోండి. మయోర్కా దీవిలో తయారైంది, అబ్రహాం క్రెస్కెస్ పేరు చెబుతారు, ఇప్పుడు పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. వాళ్ల గాలికా సైట్లో ఉచితంగా పెద్ద సైజులో దొరుకుతుంది. ఎందుకు ఇదే అంటున్నానంటే, ఇందులో మన తీరం ఉంది. మన వైపు బుటిఫిలిస్ అని ఒక ఊరి పేరు కనిపిస్తుంది. మార్కో పోలో ముట్‌ఫిలి అని రాసింది దీన్నే, అంటే మన మోటుపల్లి. కాకతీయుల రేవు, గణపతిదేవుడు విదేశీ వర్తకులకి అభయ శాసనం వేయించిన చోటు. రుద్రమదేవి పాలించిన రాజ్యం గురించి విన్న కబురు వెనిస్ వాడి నోటి నుంచి మయోర్కా వాడి కుంచె దాకా వెళ్లింది. మొదటిసారి ఆ పేరు స్క్రీన్ మీద దొరికినప్పుడు అర్ధరాత్రి రెండైంది, లేపి చూపిద్దామంటే ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు.

దించుకునేటప్పుడు ఒక్క మాట. స్క్రీన్‌షాట్ తీయొద్దు. వాట్సాప్‌లో ఎవరో పంపినది అసలే వద్దు. జేపెగ్ ఫైల్‌ని కుదించినప్పుడల్లా అది బొమ్మని 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి సర్దుతుంది. కంటికి తెలియదు, కానీ కాంట్రాస్ట్ పెంచగానే ఆ గళ్లే అక్షరాల్లా లేస్తాయి. లైబ్రరీ సైట్లలో డౌన్‌లోడ్ బటన్ దగ్గర టిఫ్ (నాణ్యత పోకుండా బొమ్మని దాచే ఫైల్ రకం) ఉంటే అదే తీసుకోండి. చాలా పెద్ద లైబ్రరీలు ట్రిపుల్ ఐ ఎఫ్ అనే పద్ధతిలో బొమ్మలు పెడతాయి (మన ట్రిపుల్ ఐటీకీ దీనికీ చుట్టరికం లేదు). దాని లాభం ఏమిటంటే పటం మొత్తం కాకుండా మీకు కావలసిన మూల మాత్రమే పూర్తి సైజులో లాగొచ్చు. మన నెట్ స్పీడుకి అది పెద్ద ఉపకారం.

అన్నట్టు, కాటలాన్ అట్లాస్‌లో ఉత్తరం వైపు ఒంటెల బారు తలకిందులుగా ఉంటుంది. ఫైల్ తిరగబడిందని కంగారుపడొద్దు, బల్ల మీద పరిచి చుట్టూ తిరుగుతూ చూడడానికి గీసిన పటం అది.

రెండో పని: ఏం కనిపించాలో ముందే రాసుకోవడం

చాలామంది దీన్ని వదిలేసి తిన్నగా సాఫ్ట్‌వేర్ తెరుస్తారు, అందుకే చాలామందికి ఏమీ దొరకదు. మెషీన్ చదవదు, మనమే చదవాలి. మెషీన్ గీతని నల్లగా చేస్తుంది, అంతవరకే. అది ఎన్‌యా, యూయా అని చెప్పదు, పైగా ఆ రోజుల చేతిరాతలో ఆ రెండూ ఒకేలా ఉంటాయి.

కాబట్టి మీరు చూసే చోట ఏ పేర్లు ఉండే అవకాశం ఉందో ఒక కాగితం మీద పెట్టుకోండి. మన తీరమైతే టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడి జాబితా బాగా పనికొస్తుంది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో ఆయన మన వైపు మైసోలియా అనే ప్రాంతం, మైసోలోస్ అనే నది రాశాడు. ఆ నది కృష్ణ అని ఎక్కువమంది అంటారు. కొంటకొస్సిల అనే రేవు కూడా రాశాడు, అది ఘంటసాల. 1482లో జర్మనీలోని ఉల్మ్‌లో అచ్చయిన టాలెమీ పటాల్లో భారతదేశానికి విడిగా ఒక పటం ఉంది. దాని డిజిటల్ ప్రతి తెచ్చి పక్కన పెట్టుకోండి. ఆ పటంలో మన ద్వీపకల్పం కనిపించకపోతే మీ తప్పు కాదు. టాలెమీ లెక్కలో దక్షిణాది మొత్తం చదునైపోయి, సింహళం మాత్రం మన దేశమంత ఉబ్బిపోయి ఉంటుంది.

మూడో పని: రంగుల్ని విడగొట్టడం

ఫిజీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇమేజ్‌జె అనే దానికి అన్నీ అమర్చిపెట్టిన రూపం. అసలు ల్యాబుల్లో సూక్ష్మదర్శిని బొమ్మల కోసం వాడతారు. దించుకుని, జిప్ విప్పి, నొక్కితే తెరుచుకుంటుంది.

పటంలోంచి చిన్న ముక్క తీసుకోండి, అరచేయంత. కాటలాన్ అట్లాస్‌లో మధ్యధరా తీరం బాగుంటుంది, ఎందుకంటే ఆ కాలపు నావికుల పటాల్లో మామూలు రేవుల పేర్లు నల్లగా, ముఖ్యమైనవి ఎర్రగా రాసేవాళ్లు. ముక్కని తెరిచి ఇమేజ్ మెనూలో కలర్, అందులో స్ప్లిట్ ఛానల్స్ నొక్కండి. ఒక బొమ్మ మూడు బొమ్మలవుతుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడూ నలుపు తెలుపులో.

ఇప్పుడు ఒక ఎర్ర పేరు మీద జూమ్ చేసి మూడూ చూడండి. ఎరుపు ఛానల్‌లో ఆ పేరు దాదాపు లేదు, చర్మంలో కలిసిపోయింది. నీలం ఛానల్‌లో కాటుక పెట్టినట్టు నల్లగా ఉంది. పక్కనున్న నల్ల పేరు మూడింటిలోనూ ఉంది. ఎర్రగీత, నల్లగీత ఒకదానిమీద ఒకటి పడ్డచోట ఎరుపు ఛానల్‌లో నల్లది ఒక్కటే మిగులుతుంది, అంటే ఒక పొరని ఊడదీసినట్టే. ఇక నీటి మరకలు, పసుపుబారిన చోట్లు ఎరుపు ఛానల్‌లో పలచబడతాయి. వెలిసిపోయిన గోధుమరంగు సిరా మాత్రం నీలంలో ముదురుతుంది. మరక కింద రాత కావాలంటే ఎరుపు, వెలిసిన రాత కావాలంటే నీలం, ఇంతే గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే.

తర్వాత చిట్కా: ప్రాసెస్ మెనూలో ఇమేజ్ కాలిక్యులేటర్ తెరిచి నీలాన్ని ఎరుపుతో భాగించండి, 32 బిట్ ఫలితం అనే గడి టిక్ పెట్టి. పటం ముడతలు, ఒక పక్క వెలుగు ఒక పక్క నీడ, ఇవన్నీ రెండు ఛానళ్లలో సమానంగా ఉంటాయి కాబట్టి కొట్టేసుకుపోతాయి. సిరా తేడా మిగులుతుంది. అప్పుడు అదే మెనూలో ఎన్‌హాన్స్ లోకల్ కాంట్రాస్ట్ వేయండి, కానీ కొంచెమే. దీన్ని కూరలో కారంలా వాడాలి, రుచి వచ్చింది కదా అని ఇంకో చెంచా వేస్తే తినేది ఉండదు.

నాలుగో పని: పెద్ద లెక్క

ఇక్కడ డీస్ట్రెచ్ అని ఒక ప్లగిన్ ఉంది. జాన్ హార్మన్ అనే ఆయన రాతి గుహల్లో వెలిసిన బొమ్మల కోసం తయారుచేశాడు, ఇమేజ్‌జెలోనే నడుస్తుంది. బటన్ నొక్కితే బొమ్మ పిచ్చి రంగుల్లోకి మారుతుంది, హోలీ రోజు సాయంత్రం చొక్కాలాగా. భయపడొద్దు. ఎరుపుల కోసం ఎల్‌ఆర్‌ఈ, నలుపు నీలాల కోసం వైబీకే, పసుపుల కోసం వైవైఈ అనే బటన్లు వరసగా నొక్కి చూడండి. అన్నీ చెత్తగా వచ్చి ఒక్కదాంట్లో అక్షరం నిలబడుతుంది.

మార్టెల్లస్ టీమ్ వాడిన అసలు ఆయుధాల్లో ఒకటి ప్రధాన అంశాల విశ్లేషణ, పీసీఏ అంటారు. దాన్ని ఇలా ఊహించుకోండి. ఊళ్లో గొడవ జరిగింది, రచ్చబండ దగ్గర 12 మంది సాక్షులు. అందరూ చెప్పేది ముప్పావు వంతు ఒకటే. ఆ ఉమ్మడి ముక్కంతా తీసి పక్కన పెట్టి, ఎవరు ఎక్కడ తేడాగా చెప్పారో అది మాత్రమే వినడం పీసీఏ. మొదటి ఫలితం మామూలు ఫొటోలాగే ఉంటుంది, అందరూ ఒప్పుకున్న కథ. మాసిన రాత చాలాసార్లు మూడోదో నాలుగోదో ఫలితంలో, చుక్కల గోలలో దాక్కుని ఉంటుంది. చివరివన్నీ వట్టి గోల. మామూలు ఫొటోకి ముగ్గురే సాక్షులు కాబట్టి లాభం తక్కువ. 12 మందితో ఆడాలనుంటే ఆర్కిమెడీస్ పాలింప్సెస్ట్ అనే గ్రీకు రాతప్రతి (పాత రాత చెరిపేసి దానిమీదే మళ్లీ రాసినది) తాలూకు అసలు బహుళవర్ణ ఫొటోలు నెట్లో అందరికీ పెట్టారు. అది పటం కాదు, కానీ చెయ్యి తిరగడానికి అంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

మార్టెల్లస్ పటంలో ఇంకో తలనొప్పి ఉంది, ఇదే నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. రాతలన్నీ ఒకే రంగుతో రాయలేదు. ఒక మూల తేలిన పద్ధతి ఇంకో మూల పనిచేయలేదు, చోటుచోటుకీ లెక్క మార్చాల్సి వచ్చింది. కాబట్టి మీకు ఒకచోట కుదిరిన సెట్టింగ్‌ని పటం మొత్తానికీ రుద్దకండి. అంత కష్టపడి వాళ్లు చదివినదాంట్లో తేలిన పెద్ద సంగతి, 1507లో అమెరికా అనే పేరు మొదటిసారి పెట్టిన వాల్డ్‌జేముల్లర్ పటానికి ఈ మార్టెల్లస్ పటం ముఖ్యమైన ఆధారమని. ఆ 1507 పటం ప్రతి ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, 2003లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోటి డాలర్లు పెట్టి కొనుక్కుంది.

ఐదో పని: మిమ్మల్ని మీరు నమ్మకపోవడం

కావాలనుకున్న పేరు కనిపించి తీరుతుంది. నాకూ కనిపించింది. ఒక పటంలో మన తీరం మీద మైసోలియా అని స్పష్టంగా చదివేశాను, రెండు రోజులు గాల్లో తేలాను. తర్వాత అదే ముక్కని తలకిందులు చేసి చూస్తే అది ఇంకా బాగా కనిపిస్తోంది! కాగితం పీచు గీతలు, అంతే.

అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. ఒక్క పద్ధతిలో మాత్రమే కనిపించే అక్షరం అక్షరం కాదు, కనీసం రెండింటిలో రావాలి. మార్చిన ప్రతి ఫైల్ పేరులో ఏం చేశానో రాస్తాను, ఎందుకంటే నెల తర్వాత అంత బాగా ఎలా వచ్చిందో నాకే గుర్తుండదు. మూడోది, పటం అంటే ఏమీ తెలియని మనిషికి చూపించి ఏం అక్షరాలో చెప్పమంటాను, నేను ముందే పేరు చెప్పకుండా. నాకు మా చెల్లెలు ఉంది, నిర్దాక్షిణ్యంగా "అన్నయ్యా, ఇక్కడ ఏమీ లేదు" అంటుంది.

మీ ఇంట్లోనే పాత పటం ఉంటే

ప్రపంచ పటమే కానక్కర్లేదు, అమ్మమ్మ పెట్టెలోని పాత ఊరి నక్షా అయినా ఇదే పద్ధతి. ముందుగా టార్చిని కాగితానికి దాదాపు ఆనించి పక్క నుంచి వెయ్యండి, ఫోన్‌ని పైనుంచి కదలకుండా పెట్టి ఫొటో తీయండి. మడతలు, చెరిపిన చోట గీకుళ్లు, వృత్తలేఖిని గుచ్చిన రంధ్రాలు నీడలతో లేస్తాయి. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు తీసుకోండి. ఇంగ్లండులో హెర్‌ఫర్డ్ చర్చిలో 1300 ప్రాంతపు ప్రపంచ పటం ఉంది, ఒకే దూడచర్మం మీద, ఒకటిన్నర మీటర్లకు పైగా ఎత్తు. దాన్ని త్రీడీలో స్కాన్ చేశారు, అదీ ఇలాంటి ఆలోచనే, చర్మం ఎత్తుపల్లాల్ని కొలవడం. ఆ పటంలో హెర్‌ఫర్డ్ ఊరు ఉన్నచోటే బాగా అరిగిపోయింది. వచ్చినవాళ్లంతా "మా ఊరెక్కడ" అని వేలుపెట్టి చూపించుకుని చూపించుకుని అరగదీశారు. మీరు మాత్రం వేలు పెట్టకండి.

తర్వాత అతినీలలోహిత (యూవీ) టార్చి. నోట్లు చూసే చవక టార్చిలు 395 నానోమీటర్లవి, అవి ఊదారంగు వెలుతురే ఎక్కువ కక్కుతాయి. 365 నానోమీటర్లది, ముందు నల్లటి ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. కళ్లకి యూవీ అద్దాలు తప్పనిసరి. గది పూర్తిగా చీకటి చేసి, తెల్ల బనియన్ విప్పేసి ముదురురంగు చొక్కా వేసుకోండి. నవ్వులాట కాదు, సబ్బుపొడిలోని మెరుపు రసాయనం వల్ల బనియన్ ట్యూబ్‌లైటులా వెలిగి ఫొటో పాడవుతుంది. అదే రసాయనం కొత్త కాగితంలోనూ ఉంటుంది, కాబట్టి 1800ల నాటిదని మీకు అంటగట్టిన పటం తెల్లటి నీలంగా భగ్గుమని వెలిగితే డబ్బులు వెనక్కి అడగండి. వెలుతురు కొన్ని సెకన్లు మించి వెయ్యొద్దు, పాత రంగులకి అది మంచిది కాదు.

పరారుణానికి ఫోన్ పనికిరాదు, లోపల ఫిల్టర్ అడ్డం ఉంటుంది. పాత సీసీ కెమెరా మూలన పడుంటే తియ్యండి, రాత్రిపూట చూడడానికి దానికి 850 నానోమీటర్ల లైట్లు ఉంటాయి. నాణ్యత అంతంతమాత్రమే కానీ మసి సిరా ఏది, మాచికాయ సిరా ఏది అని తేల్చడానికి సరిపోతుంది. ఈ బొమ్మల్ని ఫిజీలో ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడానికి ప్లగిన్స్‌లో రిజిస్ట్రేషన్ కింద లీనియర్ స్టాక్ అలైన్‌మెంట్ విత్ సిఫ్ట్ అని ఉంటుంది.

ఇవన్నీ చేసేముందు పటాన్ని ఎవరికీ ఇవ్వకండి. తాతయ్య దాచిన గుడ్డమీద అతికించిన నక్షాని నేను కాపీ తీయమని ఒక జిరాక్స్ షాపులో ఇస్తే, "సార్, పాడవుతోందని లామినేషన్ చేసేశాను" అని నవ్వుతూ చేతిలో పెట్టాడు. ఇప్పుడు యూవీ వేస్తే ప్లాస్టిక్కే మసకగా నీలంగా మెరుస్తుంది, కింద చెరువు గట్టు దగ్గర ఎవరో పెన్సిలుతో రాసిన నంబర్లు ఇంక తేలవు.

ఒక్కటి మాత్రం ఇంట్లో కాదు

సిరాలో ఏ మూలకం ఉందో తెలియాలంటే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ కావాలి. బంగారం షాపులో మీ గొలుసు పెట్టగానే ఎన్ని క్యారెట్లో చెప్పే మెషీన్ ఉంటుంది చూశారా, అదే సూత్రం. యేల్‌లోనే ఉన్న విన్లాండ్ పటం కథ దానితోనే ముగిసింది. కొలంబస్ కన్నా ముందే వైకింగులు (ఉత్తర యూరప్ నావికులు) అమెరికా చేరారని చూపే 15వ శతాబ్దపు పటమని 1965లో ప్రకటించారు. చర్మం నిజంగా పాతదే. కానీ 2021లో పటం అంతటా స్కాన్ చేస్తే గీతల్లో టైటానియం ఉంది, అది 1920ల నుంచి వచ్చిన రంగుల్లో వాడే పదార్థం. మాచికాయ సిరాలో ఉండాల్సిన ఇనుము దాదాపు లేదు. కాబట్టి మీ దగ్గరున్నది పాత చర్మమే అని తేలినంత మాత్రాన పటం కూడా పాతదని అనుకోకండి.

పేరు ఏదైనా నిజంగా దొరికితే ఆ పటం ఉన్న లైబ్రరీకి మెయిల్ రాయండి. ముక్క ఎక్కడిదో, మార్చని ఫొటో, మార్చిన ఫొటో, మధ్యలో చేసిన పనుల వరస, ఈ నాలుగూ పెట్టండి. "నేను కనిపెట్టాను" అని మొదలుపెట్టొద్దు, "ఇక్కడ ఇలా చదవొచ్చా" అని అడగండి. నేను అలా అడిగిన మొదటిదానికి మూడు వారాలకి జవాబు వచ్చింది: ఆ పదాన్ని తమ పాత సూచీలో ఎప్పుడో చదివేశారట, నేను ఒక అక్షరం తప్పు చదివానట.